నీడపట్టు పనికి నడుము నొప్పి ఎందుకొస్తుంది?

ప్రశ్న: మా అమ్మకు 44 ఏళ్ళు. తాడికొండ మండలంలో మా ఊరి పక్కనే ఉన్న పాలీహౌసుల్లో (ప్లాస్టిక్ కప్పు వేసిన సాగు షెడ్డుల్లో) నాలుగేళ్ళుగా కూలికి వెళ్తోంది. అక్కడ క్యాప్సికం, కీర దోస పండిస్తారు. నారు నాటడం, కలుపు తీయడం, తీగలకు దారాలు కట్టడం, కాయలు కోయడం, క్రేట్లు గేటు దాకా మోయడం, అన్ని పనులూ చేస్తుంది. ఏడాదిగా నడుము నొప్పి. ఈ మధ్య కుడి చేయి పైకెత్తితే భుజం పట్టేస్తోంది. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి నిద్ర లేస్తోంది. మందుల షాపులో బిళ్ళలు తెచ్చుకుని మింగుతుంది. నడుముకు బెల్టు కూడా కొనుక్కుంది. పనిలో కాసేపు నిలబడి నడుము సర్దుకుంటే మేస్త్రీ, "ఎండలో నాట్లు వేసినప్పుడు రాని నొప్పి నీడపట్టున కాయలు కోస్తే వచ్చిందా?" అంటాడట. అప్పటి నుంచి నొప్పి సంగతి ఎవరికీ చెప్పడం లేదు. పని మానేస్తే ఇల్లు గడవదు. నేను గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. బెల్టు వాడవచ్చా? ఏ వ్యాయామాలు చేయించాలి? పని మానిపించాలా?

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ మేస్త్రీ మాట దగ్గర ఆగిపోయాను. బెల్టు సంగతీ వ్యాయామాల సంగతీ తరువాత చెబుతాను. ముందు ఆ మాటకు జవాబు కావాలి. అది నిజమేనేమో అని మీ అమ్మగారు కూడా అనుకుంటున్నట్టున్నారు.

వరి నాట్లు కష్టమైన పని, ఎవరూ కాదనరు. కాని ఒక ఊళ్ళో నాట్లు రెండు మూడు వారాల్లో అయిపోతాయి. తరువాత కలుపు, కొన్నాళ్ళు ఖాళీ, ఆపైన పత్తి తీతో మిర్చి కోతో వస్తుంది. పని మారినప్పుడల్లా ఒంట్లో ఒకచోట భారం తగ్గి ఇంకోచోట పడుతుంది. పాలీహౌసుకు ఈ వరుస లేదు. వానా ఎండా అడ్డు రాకుండా ఏడాది పొడుగునా కాపు తీయడానికే దాన్ని కట్టారు. క్యాప్సికం నాటిన దగ్గర నుంచి తొమ్మిది పది నెలలు తోట నిలుస్తుంది. కీర దోస మూడు నాలుగు నెలల్లో ముగిసి, అవే బెడ్లలో, అంటే ఎత్తు మడుల్లో, మళ్ళీ నారు పడుతుంది. నాట్లలో పదిహేను ఇరవై రోజులు వంగిన నడుము ఇక్కడ ఏడాదంతా వంగుతోంది. నీడ ఎండను ఆపుతుంది గాని వంగడాన్ని ఎలా ఆపుతుంది? పైగా అది చల్లటి నీడ కూడా కాదు. ప్లాస్టిక్ కప్పు కింద మధ్యాహ్నం వేళ బయటి కన్నా ఉక్క ఎక్కువ. గుంటూరులో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున లోపల ఎలా ఉంటుందో, ఇంటికి వచ్చిన మీ అమ్మగారి చీర ముట్టుకుంటే తెలుస్తుంది.

ఈ మాటలు మీ అమ్మగారికి చదివి వినిపించండి. ఆవిడ నొప్పి నిజమైనది, దానికి కారణం ఉంది.

మనం నిలబడి ముందుకు వంగినప్పుడు తల, చేతులు, ఛాతీ బరువంతా వెన్ను అడుగున ఉన్న పూసల మీదికి వస్తుంది. ఆ పూసల మధ్య మెత్తల్లాంటి డిస్కులు ఉంటాయి. 1999లో జర్మనీలో ఒక వ్యక్తి నడుము డిస్కులోకి సన్నని పరికరం పంపి, రకరకాల భంగిమల్లో లోపలి ఒత్తిడిని కొలిచారు. నిటారుగా నిలబడితే 0.5 మెగాపాస్కల్ (ఒత్తిడికి కొలమానం). ముందుకు వంగితే 1.1. నడుము వంచి 20 కిలోల బరువు ఎత్తితే 2.3. అదే బరువును మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా ఎత్తితే 1.7. చేతిలో ఏమీ లేకుండా ఉత్తగా వంగినా డిస్కు మీద ఒత్తిడి రెట్టింపు దాటుతోంది, చూశారా? "నేనేమీ మోయలేదే, కలుపు పీకానంతే, నడుము ఎందుకు లాగుతోంది?" అని నా దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళు ఎంతోమంది అడిగారు. వాళ్ళు మోసింది తమ ఒంటి బరువునే.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి తెలియదు. బాగా కిందికి వంగి ఎక్కువసేపు ఉంటే వీపు కండరాలు పట్టు వదిలేస్తాయి. అప్పుడు మనిషిని పడకుండా ఆపేవి పూసలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచే లిగమెంట్లు అనే పట్టీలు. అవి నులక మంచం సాగినట్టు మెల్లగా సాగుతాయి. 20 నిమిషాలు పూర్తిగా వంగి ఉన్న మనుషుల మీద కెనడాలో 1992లో ఒక పరిశీలన చేశారు. లేచిన రెండు నిమిషాల్లో సగం బిగువు తిరిగి వచ్చింది గాని, అరగంట గడిచినా కొంత సడలింపు మిగిలే ఉంది. అందుకే నేను ఎక్కువ భయపడేది ఒక క్షణానికి: చాలాసేపు వంగి కాయ కోసి, లేచీ లేవగానే నిండు క్రేటు ఎత్తే క్షణానికి. నడుము కలుక్కుమని మంచం పట్టినవాళ్ళను "ఆ సమయంలో ఏం చేస్తున్నారు?" అని అడిగితే తరచుగా ఇదే జవాబు వస్తుంది. మీ అమ్మగారికి ఈ ఒక్క అలవాటు నేర్పినా సగం మేలు చేసినవారవుతారు: కోత ఆపి లేచాక రెండు నిమిషాలు నిటారుగా నడవాలి, దారాలు సర్దుకోవాలి, మంచినీళ్ళు తాగాలి. క్రేటు మీద చేయి వేయడం ఆ తరువాతే.

భుజం నొప్పి వేరే జబ్బని మీరు అనుకుంటున్నట్టుంది. మొక్క ఎదుగుదలను గుర్తు తెచ్చుకోండి. క్యాప్సికం మోకాలెత్తున ఉన్నప్పుడు పిలకలు గిల్లాలన్నా, తొలి కాయలు కోయాలన్నా వంగాలి. నడుమెత్తుకు వచ్చాక కొన్ని వారాలు హాయి. తరువాత తలెత్తు దాటుతుంది. పై తీగకు దారం కట్టడం, కొమ్మలు మళ్ళించడం, అన్నీ చేతులు పైకెత్తి చేయాలి. చేయి భుజం కన్నా పైన ఎక్కువసేపు ఉంటే అక్కడి కండరాలకు రక్తం సరిగా అందదు, వాటి కొసలు ఎముకల మధ్య ఒరుసుకుంటాయి. మొక్క ఎదిగేకొద్దీ నొప్పి నడుము నుంచి భుజానికి ఎక్కింది. కాబట్టి సరిచేయవలసింది పని జరిగే ఎత్తును. మోకాలికి పైన, భుజానికి కింద జరిగే పని ఎంత ఎక్కువ ఉంటే మీ అమ్మగారు అంత కాలం పని చేయగలరు. బిళ్ళలు గాని బెల్టు గాని ఈ ఎత్తును అంగుళం కూడా మార్చలేవు.

ఇక మీరు చేయగలిగిన పని. ఫిన్లాండ్‌లో ఒవాకో అనే ఉక్కు కంపెనీలో 1970లలో కార్మికుల భంగిమలను లెక్కగట్టే పద్ధతి ఒకటి తయారైంది. దాన్ని 'ఓవాస్' అంటారు. ఇప్పటికీ పొలాల్లో, పాలీహౌసుల్లో పనిచేసేవారి భంగిమలను పరిశీలించడానికి దీన్ని వాడుతున్నారు. దీనికి యంత్రాలు అక్కర్లేదు. కళ్ళు, గడియారం, కాగితం ఉంటే చాలు. నిర్ణీత సమయానికి ఒకసారి మనిషి వంక చూసి అంకెలు వేస్తారు. నడుము నిటారుగా ఉంటే 1, ముందుకు వంగి ఉంటే 2, పక్కకు తిరిగి ఉంటే 3, వంగీ తిరిగీ ఉంటే 4. చేతులు రెండూ భుజం కింద ఉంటే 1, ఒకటి పైన ఉంటే 2, రెండూ పైనే ఉంటే 3. కాళ్ళకు ఏడు అంకెలు ఉన్నాయి, మీకు అవసరం లేదు. బరువు 10 కిలోల లోపు అయితే 1, 10 నుంచి 20 దాకా 2, ఆపైన 3. ఈ అంకెలు ఎలా కలిశాయన్న దాన్ని బట్టి భంగిమ నాలుగు తరగతుల్లో ఒకదానిలో పడుతుంది. మొదటి తరగతితో ఇబ్బంది లేదు. నాలుగో తరగతి అంటే అప్పటికప్పుడు మార్చి తీరాలి.

కాలేజీకి సెలవున్న రోజున యజమాని అనుమతి అడిగి అమ్మతో వెళ్ళండి. ఫోను నిమిషానికోసారి మోగేలా పెట్టుకోండి. కాగితం మీద నడుము అంకెలకూ చేతుల అంకెలకూ గళ్ళు వేసుకుని, మోగినప్పుడల్లా తలెత్తి చూసి, అప్పుడు పడే అంకె గడిలో ఒక్కో గీత గీయండి. రెండు గంటలకు నడుముకు 120, చేతులకు 120 గీతలు వస్తాయి. ఉదయం కోత వేళ ఒకసారి, మధ్యాహ్నం దారాలు కట్టేటప్పుడు ఒకసారి చేస్తే మరీ మంచిది. నడుముకు 4 అంకె పడిన చోట అప్పుడు ఏం పని జరుగుతోందో పక్కన రాసుకోండి. నా అనుభవంలో అది ఎక్కువగా ఒకే చోట పడుతుంది: బెడ్ల మధ్య దారి ఇరుకుగా ఉండి, క్రేటు వెనకాల పెట్టుకుని, ముందుకు వంగి కాయ తెంపి, నడుము తిప్పి వెనక్కి వేసే చోట. క్రేటు ముందుకు జరిపితే ఆ తిప్పడం పోతుంది. పైసా ఖర్చు లేదు.

ఆ కాగితం తీసుకుని యజమాని దగ్గరికే వెళ్ళండి. మేస్త్రీతో వాదన పెట్టుకోవద్దు. ఆయనకూ రోజుకు ఇన్ని క్రేట్లు అని పైనుంచి లెక్క ఉంటుంది. "మా అమ్మకు నొప్పి" అంటే "అందరికీ ఉండేదే" అన్న జవాబు వస్తుంది. "రెండు గంటల్లో ఇన్నిసార్లు నడుము వంగి ఉంది, ఇన్నిసార్లు చేతులు తలపైన ఉన్నాయి" అని చూపిస్తే దానికి వేరే జవాబు వెతుక్కోవాలి.

ముందుగా అడగవలసింది పని మార్పిడి. మీ అమ్మగారు వెళ్ళే చోట ఒక షెడ్డులో లేత తోట, ఇంకో షెడ్డులో ముదురు తోట ఉండే ఉంటాయి. లేత తోటలో రెండు గంటలు వంగినవారిని ముదురు తోటకు, అక్కడ చేతులెత్తి కట్టినవారిని కాయలు ఏరి వేరుచేసే గ్రేడింగ్ బల్ల దగ్గరకు మారుస్తూ ఉంటే పని తగ్గదు, ఏ ఒక్కరి నడుమూ రోజంతా వంగి ఉండదు. దీనికి పూనుకోవలసింది మేస్త్రీ, ఒప్పించవలసింది యజమాని.

రెండోది క్రేటు. నిండు క్రేటు దాదాపు 20 కిలోలు తూగుతుంది. బరువు ఎత్తే పనికి అమెరికాలో 1991లో సవరించిన ఒక లెక్క ఉంది. అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి ఆనుకుని, నడుమెత్తున, నడుము తిప్పకుండా, అప్పుడప్పుడూ మాత్రమే ఎత్తితే, 23 కిలోలు హద్దు. అదే బరువు ఒంటికి అర మీటరు దూరంలో ఉంటే హద్దు సగానికి పడిపోతుంది. నేల మీది నుంచి ఎత్తితే ఇంకా తగ్గుతుంది. బెడ్ల మధ్య నేల మీద పెట్టిన క్రేటును చేయి చాచి ఎత్తే మనిషికి ఆ లెక్క కడితే హద్దు 10 కిలోల లోపే తేలుతుంది. మీ అమ్మగారు ఎత్తుతున్నది దానికి రెట్టింపు. క్రేటు సగమే నింపడం, ఖాళీ క్రేటు బోర్లించి దాని మీద నింపే క్రేటు పెట్టుకోవడం, గేటు దాకా సన్న చక్రాల తోపుడు బండి వాడడం, ఈ మూడింటిలో మొదటి రెండు రేపటి నుంచే చేయవచ్చు. మన మిర్చి యార్డులో హమాలీలను గమనించండి. 40 కిలోలు దాటే టిక్కీని, అంటే మిర్చి బస్తాను, ఎవరూ ఒంటరిగా నేల మీది నుంచి వీపుకెత్తుకోరు. ఇద్దరు చేయి వేసి ఎత్తి మూడోవాడి వీపు మీద పెడతారు. ఆ తెలివి పాలీహౌసులో ఆడవాళ్ళకు ఎందుకు అందకుండా పోయిందో నాకు బాధగా ఉంటుంది.

తలెత్తు దాటిన పనికి గట్టి స్టూలు, నిచ్చెన గాని, బెడ్ల మధ్య తిరిగే చక్రాల అరుగు గాని కావాలి. ఊగే డబ్బాల మీద, బోర్లించిన క్రేట్ల మీద నిలబడి పైకి చేతులెత్తవద్దు. కింది కాయలకు చిన్న ముక్కాలిపీట వాడవచ్చు. గంటల తరబడి గొంతుకూర్చుని చేయడం కూడా మంచిది కాదు. మోకాలి చిప్ప కింద అరుగుతుంది. మోకాలి బయటి పక్కన నరం నొక్కుకుని, పాదం పైకి లేవక ఈడ్చుకుపోయేవాళ్ళనూ చూశాను. విదేశాల్లో స్ట్రాబెర్రీ కోసేవాళ్ళలో ఈ బాధ తరచుగా కనిపించడంతో ఆ పంట పేరే దానికి వచ్చింది.

"నిటారుగా నిలబడితే పని ఆపినట్టు" అన్న చూపు గురించి ఒక చరిత్ర చెప్పాలి. అమెరికాలో కాలిఫోర్నియా తోటల్లో పొట్టి పిడి పారతో కలుపు తీయించేవారు. పిడి చిన్నది కాబట్టి రోజంతా వంగి ఉండవలసిందే. పొడుగు పిడి ఇస్తే మొక్కలు దెబ్బతింటాయని తోటల యజమానులు వాదించారు. పెత్తనం చేసేవాళ్ళకు అందులో ఇంకో సౌకర్యం ఉండేది: ఎవరు నడుమెత్తినా దూరం నుంచే కనిపిస్తుంది. నడుములు పాడైన కూలీలు కోర్టుకు వెళ్ళారు. 1975లో అక్కడ ఆ పారను నిషేధించారు. తోటలు ఆగిపోలేదు, పంట పండుతూనే ఉంది. మీ అమ్మగారు నిలబడి నడుము సర్దుకున్న ఆ అర నిమిషం పని ఎగవేత ఎంతమాత్రం కాదని చెప్పడానికే ఇది రాశాను.

ఇప్పుడు మీ ఇంటి సంగతి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. సాయంత్రం ఇంటికి వచ్చాక వాకిలి ఊడ్చేది ఎవరు? పొట్టి చీపురుతోనా? అంట్లు తోమేది నేల మీదేనా? బట్టలు ఉతికే బండ ఎంత ఎత్తు ఉంది? పాలీహౌసులో ఎనిమిది గంటలు వంగిన నడుము ఇంట్లో ఇంకో రెండు మూడు గంటలు వంగుతుంటే ఏ వ్యాయామమూ నిలబడదు. చీపురుకు పొడుగు కర్ర కట్టండి, అంట్లు గట్టు మీదికి మార్చండి. నీళ్ళ బిందె మీరు మోయండి. ఇంట్లో మగవాళ్ళుంటే వాళ్ళు మోయాలి. వైద్యానికి ముందు చేయవలసిన వైద్యం ఇది.

బెల్టు విషయం. నొప్పి తీవ్రంగా ఉన్న రోజుల్లో కొద్ది గంటలు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. నొప్పి లేనివారికి రాకుండా ఆపుతుందనడానికి ఆధారం లేదని అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ 1994లోనే తేల్చి చెప్పింది. బెల్టు ఉంది కదా అని ఎక్కువ బరువు ఎత్తడం అసలు ప్రమాదం.

బిళ్ళల గురించి గట్టిగా చెబుతున్నాను. డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు. ఉక్కలో చెమటోడ్చి, నీళ్ళు సరిగా తాగని మనిషికి అవి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. ఏ బిళ్ళో పేరు తెలియకుండా పొట్లంలో కట్టి ఇచ్చేవాటిలో స్టెరాయిడ్లు కూడా ఉండవచ్చు. మీ అమ్మగారు నీళ్ళు తక్కువ తాగుతారా అని నెమ్మదిగా అడగండి. మరుగుదొడ్డి లేనిచోట ఆడవాళ్ళు కావాలనే దాహం చంపుకుంటారు. దానివల్ల కండరాలు పట్టేస్తాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి అది కూడా నడుము నొప్పిలా కనిపిస్తుంది. మంటతో మూత్రం, చలిజ్వరం ఉంటే అది వంగడం వల్ల వచ్చింది కాదు, పరీక్ష చేయించాలి. యజమానిని అడిగే జాబితాలో మరుగుదొడ్డిని మొదటి వరుసలో చేర్చండి.

వేళ్ళ తిమ్మిరిని వాయిదా వేయవద్దు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిపూట తిమ్మిరెక్కి, చేయి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందని అనుమానించాలి. మొద్దుబారిన కత్తెరతో రోజంతా కాడలు కత్తిరించడం దీనికి ఒక కారణం. కత్తెరకు పదును పెట్టించండి. రాత్రి మణికట్టు వంగకుండా స్ప్లింట్ అనే గట్టి పట్టీ కట్టుకుంటే చాలామందికి ఉపశమనం ఉంటుంది. షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో గాని మంగళగిరి ఎయిమ్స్‌లో గాని ఎముకల విభాగంలో చూపించి, భుజానికి, నడుముకు ఫిజియోథెరపీ రాయించుకోండి.

వ్యాయామాలు ఎక్కువ చెప్పను, అలసిన మనిషి చేయలేదు. వంగి పని చేసిన ప్రతి అరగంటకు లేచి, రెండు చేతులూ నడుము మీద ఆనించి, మెల్లగా ఐదుసార్లు వెనక్కి వాలాలి. అలా వాలినప్పుడు నొప్పి కాలిలోకి పాకితే ఆపేయాలి. పడుకునే ముందు పది నిమిషాలు చదునైన చోట నడవాలి. రోజుల తరబడి మంచం మీద ఉండడం నడుముకు మేలు చేయదు.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు: మూత్రం గాని మలం గాని అదుపు తప్పడం, మూత్రం రాకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలు బలహీనపడి తడబడడం. జ్వరంతో నడుము నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే ఆ వారంలోనే డాక్టరుకు చూపించాలి.

పని మానిపించాలా అని అడిగారు. పై లక్షణాలు లేకపోతే మానవలసిన అవసరం లేదు. ఆరు వారాలు నిండు క్రేట్లు మోయడం, తలపైన దారాలు కట్టడం మాత్రం ఆపించండి. గ్రేడింగ్, నడుమెత్తు కోత అడగండి. ఒక్కరే అడిగితే కుదరకపోవచ్చు. ఆ షెడ్డుల్లో పనిచేసే మిగతా ఆడవాళ్ళను కూడా ఒక సాయంత్రం కూర్చోబెట్టి ఎవరికి ఎక్కడ నొప్పి ఉందో అడగండి. పనిముట్ల విషయంలో యజమానికి సందేహాలుంటే మీకు దగ్గర్లోనే లాంలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడ అడగమనండి.

మీరు గీసిన గీతల కాగితం నాకు ఒక ప్రతి పంపండి. 4 అంకె ఏ పని దగ్గర ఎక్కువగా పడిందో చూసి, ఆ పనికి ఏం మార్చవచ్చో విడిగా రాస్తాను.